మూడు వైర్ల లెక్క: పొటెన్షియోస్టాట్ దేన్ని పట్టి ఉంచుతుంది, ఎక్కడ పట్టు తప్పుతుంది

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో పొటెన్షియోమీటరు తీగ మీద జాకీ జరుపుతూ, గాల్వనామీటరు ముల్లు సున్నాకు వచ్చే చోటు వెతికే ప్రయోగం ఒకటి ఉంటుంది. లెక్లాంచీ ఘటాన్నీ డేనియల్ ఘటాన్నీ పోల్చి రికార్డులో రాస్తే మార్కులు పడతాయి, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. ద్రావణంలోని ఎలక్ట్రోడ్ వోల్టేజిని అడిగిన చోట పట్టి ఉంచే పొటెన్షియోస్టాట్‌తో సహా ఎలక్ట్రోకెమిస్ట్రీ పరికరాలన్నిటికీ పునాది మాత్రం అక్కడే ఉంది. ముల్లు సున్నా దగ్గర నిలిచినప్పుడు ఘటం నుంచి కరెంటు పోవడం లేదు కాబట్టే అప్పుడు దొరికిన వోల్టేజిని నమ్మవచ్చు. కరెంటు లాగామా, కొలవబోయిన వోల్టేజి మన చేతుల్లోనే మారిపోతుంది.

కరకంబాడిలో లెడ్-యాసిడ్ బ్యాటరీల పరిశ్రమ, ఎస్వీ యూనివర్సిటీ నుంచి ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్ దాకా కెమిస్ట్రీ విభాగాలు ఉన్న తిరుపతిలో ఏటా కొత్తవాళ్లు ఈ పరికరాల ముందు కూర్చుంటూనే ఉంటారు. లక్షలు పోసి కొన్న పెట్టె అయినా, బ్రెడ్‌బోర్డు మీద అల్లుకున్న సర్క్యూట్ అయినా ఎదురయ్యే తప్పులు చాలావరకు ఒకటే. అవి పెట్టెలో తక్కువ, బీకరులో, క్లిప్పుల దగ్గర ఎక్కువ.

కరెంటు లాగకూడదన్న నియమం ఎంత కఠినమో పీహెచ్ ఎలక్ట్రోడ్ చూపిస్తుంది. దాని గాజు పొర రెసిస్టెన్స్ 100 మెగాఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. మామూలు డిజిటల్ మల్టీమీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు. పీహెచ్ 4 బఫర్‌లో సుమారు 177 మిల్లీవోల్టులు రావాలి. మల్టీమీటరు పెడితే అందులో పదకొండో వంతు, అంటే 16 మిల్లీవోల్టులే కనిపిస్తాయి. ఎలక్ట్రోడ్ పాడైందనుకుని పారేసేవాళ్లు ఉంటారు గానీ తప్పు మీటరుది. అందుకే పీహెచ్ మీటర్ల ఇన్‌పుట్ 10¹² ఓమ్‌లకు తగ్గకుండా చేస్తారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల బోరునీళ్లలో ఫ్లోరైడ్ కొలిచేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ గాఢత పది రెట్లయితే సుమారు 59 మిల్లీవోల్టులు కదులుతుంది, కాబట్టి ఒక్క మిల్లీవోల్టు తప్పితే గాఢతలో 4 శాతం తేడా. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5. ఆ రెండు అంకెల మధ్య దూరం పది మిల్లీవోల్టులు కొంచెం దాటుతుంది, అంతే. ఆ 59 కూడా 25 డిగ్రీల దగ్గరి లెక్క. 35 డిగ్రీల గదిలో అది 61 దాటుతుంది. ఏసీ గదిలో స్టాండర్డ్ కొలిచి, ఎండలోంచి అప్పుడే తెచ్చిన శాంపిల్‌ను వెంటనే కొలిస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు.

ఇదంతా కొలవడం వరకే. ఎలక్ట్రోడ్ మీద చర్య జరిపించాలంటే కరెంటు పంపక తప్పదు, అక్కడే అసలు ఇబ్బంది. రెండు ఎలక్ట్రోడ్లు ద్రావణంలో ముంచి పవర్ సప్లై మీద 2 వోల్టులు పెడితే, అందులో కొంత ఒక ఎలక్ట్రోడ్ దగ్గర, కొంత రెండో దాని దగ్గర, మిగతాది ద్రావణపు రెసిస్టెన్స్‌లో ఖర్చవుతుంది. ఎక్కడ ఎంతన్నది తెలియదు, పైగా కరెంటు మారినకొద్దీ ఆ పంపకం కూడా మారుతుంది. పూత పూసే పనికి ఇది చాలు. చర్య ఏ వోల్టేజి దగ్గర మొదలవుతుందో తెలుసుకోవాలంటే చాలదు.

మూడో ఎలక్ట్రోడ్ వచ్చింది దీనికోసమే. మూడిటి పేర్లు వర్కింగ్, రిఫరెన్స్, కౌంటర్. చర్య జరిగేది వర్కింగ్ మీద. దాని వోల్టేజిని రిఫరెన్స్‌తో పోల్చి చూస్తారు, రిఫరెన్స్ గుండా కరెంటు పోనివ్వరు. కరెంటు బాధ్యతంతా కౌంటర్ మోస్తుంది. వర్కింగ్‌కూ రిఫరెన్స్‌కూ మధ్య తేడా అడిగినంత ఉండేలా కౌంటర్‌ను ఎటు నెట్టాలో అటు నెడుతూ ఉండటమే పొటెన్షియోస్టాట్ చేసే పని. ఈ పనిని తనంతట తాను చేసే సర్క్యూట్‌ను 1942లో బ్రిటన్‌కు చెందిన హిక్లింగ్ ప్రచురించాడు, ఆ పేరు పెట్టిందీ ఆయనే. అప్పట్లో వాల్వులతో నడిచింది, ఇప్పుడు ఆప్-ఆంప్‌లతో, అంటే ఆపరేషనల్ యాంప్లిఫయర్ చిప్‌లతో నడుస్తోంది. లోపలి తర్కం మాత్రం మారలేదు.

సొంతంగా కట్టుకునేవారికి

మూడు ఆప్-ఆంప్‌లు చాలు. నాలుగు ఒకే చిప్‌లో వచ్చే టీఎల్074, రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్లస్, మైనస్ సప్లై. మొదటి ఆప్-ఆంప్ కంట్రోల్ పని చేస్తుంది. దాని ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు, ఔట్‌పుట్ కౌంటర్‌కు. మనం అడిగే వోల్టేజి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా మైనస్ ఇన్‌పుట్‌కు చేరుతుంది. రెండోది ఫాలోవర్, అంటే తనకు అందిన వోల్టేజిని కరెంటు లాగకుండా యథాతథంగా అవతలికి ఇచ్చేది. రిఫరెన్స్ వైరు దాని ప్లస్ ఇన్‌పుట్‌లోకి, దాని ఔట్‌పుట్ ఇంకో 10 కిలోఓమ్‌ల గుండా మొదటిదాని మైనస్ ఇన్‌పుట్‌లోకే. మూడోది కరెంటును వోల్టేజిగా మార్చేది. వర్కింగ్ వైరు దాని మైనస్ ఇన్‌పుట్‌కు, ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు, ఔట్‌పుట్ నుంచి మైనస్‌కు 10 కిలోఓమ్‌లు. 100 మైక్రోఆంపియర్లు పారితే 1 వోల్టు వస్తుంది. ఈ అమరికలో రిఫరెన్స్ అడిగిన వోల్టేజికి మైనస్ వైపు నిలుస్తుంది, అంటే రిఫరెన్స్ దృష్ట్యా వర్కింగ్ సరిగ్గా అడిగిన ప్లస్ వోల్టేజి దగ్గర ఉంటుంది. ఆక్సీకరణ కరెంటు ప్లస్‌గా కనిపిస్తుంది.

షాపులో సులువుగా దొరికే ఎల్ఎం358నే ఫాలోవర్‌గా పెట్టేయాలనిపిస్తుంది. వద్దు. దాని ఇన్‌పుట్ పదుల నానోఆంపియర్లు లాగుతుంది. రిఫరెన్స్ కొన (ద్రావణాన్ని తాకే సన్న రంధ్రాల భాగం) కొత్తగా ఉండి రెసిస్టెన్స్ 10 కిలోఓమ్‌లుంటే అర మిల్లీవోల్టు తేడా కూడా రాదు. అదే కొన పూడుకుపోయి 1 మెగాఓమ్‌కు చేరితే తప్పు పదుల మిల్లీవోల్టులవుతుంది, ఎలక్ట్రోడ్ కూడా మెల్లగా పాడవుతుంది. టీఎల్074 లాగేది పికోఆంపియర్లలో. ఎల్ఎంసీ6484 అంతకన్నా తక్కువ లాగుతుంది కానీ దానికి సప్లై మొత్తం 15 వోల్టులు మించకూడదు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెడితే చిప్ పోతుంది.

ఆర్డుయినో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)తో నడిపించాలంటే వోల్టేజి ఇచ్చేందుకు ఎంసీపీ4725, కొలిచేందుకు ఏడీఎస్1115 మాడ్యూళ్లు సరిపోతాయి. ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్, లేదంటే చెన్నై రిచీ స్ట్రీట్. మొదటిది 12 బిట్‌లది కాబట్టి 5 వోల్టుల సప్లై మీద ఒక్కో మెట్టు 1.22 మిల్లీవోల్టులు. రెండోది ప్లస్-మైనస్ 2.048 వోల్టుల రేంజిలో 62.5 మైక్రోవోల్టుల దాకా చూస్తుంది. పై 10 కిలోఓమ్‌లతో అది 6.25 నానోఆంపియర్లు. ఇక్కడ చాలామంది చిప్ కాల్చుకునే చోటు ఒకటుంది. రేంజి పేరులో మైనస్ ఉందని ఏడీఎస్1115 పిన్నుకు గ్రౌండ్ కన్నా కింది వోల్టేజి ఇవ్వకూడదు. ఆ మైనస్ రెండు పిన్నుల మధ్య తేడాకు సంబంధించినది. క్షయకరణ కరెంటు వచ్చినప్పుడు మూడో ఆప్-ఆంప్ ఔట్‌పుట్ మైనస్‌లోకి పోతుంది, దాన్ని నేరుగా కలిపితే చిప్ ఆ క్షణమే పోవచ్చు. మిగిలిన నాలుగో ఆప్-ఆంప్‌ను ఈ వోల్టేజిని పైకి జరపడానికి వాడుకోవాలి. ఎంసీపీ4725 కూడా సున్నా కిందికి రాదు, దానికి 2.5 వోల్టులు తీసేసే ఏర్పాటు విడిగా కావాలి.

కట్టిన వెంటనే ద్రావణంలో ముంచడం దాదాపు అందరూ చేసే పొరపాటు. ముందు డమ్మీ సెల్, అంటే ద్రావణం బదులు రెసిస్టర్. కౌంటర్, రిఫరెన్స్ క్లిప్పులు రెండూ కలిపి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక కాలికి, వర్కింగ్ క్లిప్పు రెండో కాలికి. ప్లస్-మైనస్ 1 వోల్టు మధ్య స్కాన్ చేస్తే, అంటే వోల్టేజిని మెల్లగా మారుస్తూ కరెంటు గీస్తే, ప్లస్-మైనస్ 100 మైక్రోఆంపియర్ల మధ్య సున్నా గుండా పోయే సరళరేఖ రావాలి. రేఖ సున్నా గుండా పోకపోతే ఆఫ్‌సెట్ ఉంది, వాలు తప్పితే రెసిస్టర్ విలువ తప్పు, చివర్లు చదునుగా తెగితే రేంజి చాలలేదు. కొన్న యంత్రానికైనా నెలకోసారి ఈ పరీక్ష పెట్టడం మంచిది. గ్రాఫు వంకరగా ఉన్నప్పుడు తప్పు పెట్టెదా, బీకరుదా అన్న వాదన ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

రెసిస్టర్ స్థానంలో 1 కిలోఓమ్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలిపి పెడితే ఒక వింత కనిపిస్తుంది. సెకనుకు 100 మిల్లీవోల్టుల స్కాన్‌కు లెక్క ప్రకారం 0.1 మైక్రోఆంపియర్ల దీర్ఘచతురస్రం రావాలి. డిజిటల్ పరికరంలో దాదాపు సున్నా గీత వస్తుంది. పరికరం చెడలేదు. అది వోల్టేజిని వాలుగా పెంచదు, మెట్లు మెట్లుగా పెంచుతుంది. 1.22 మిల్లీవోల్టుల మెట్టు మీద 12 మిల్లీసెకన్లు ఆగి, చివర్లో కరెంటు కొలుస్తుంది. కెపాసిటర్ చార్జింగ్ కరెంటు 1 మిల్లీసెకను కాలమానంలో కరిగిపోతుంది, కొలిచే వేళకు ఏమీ మిగలదు. చర్యల కరెంటు మాత్రమే కావాలనుకునేవారికి ఇది వరం. అదే యంత్రంతో చిన్న ఎలక్ట్రోడ్ ఉపరితల కెపాసిటెన్స్ లెక్కగట్టి పేపర్లో రాసేవారికి మాత్రం పెద్ద గొయ్యి. 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ డిస్క్ కెపాసిటెన్స్ సుమారు 1.4 మైక్రోఫారడ్లు, ద్రావణం 200 ఓమ్‌లు అనుకుంటే కాలమానం 0.3 మిల్లీసెకన్లకు మించదు. సూపర్‌కెపాసిటర్‌లో కాలమానం సెకన్లలో ఉంటుంది కాబట్టి తేడా అంతగా కనిపించదు. ఖరీదైన యంత్రాల్లో కొన్నింటికి అసలైన వాలు ఇచ్చే అనలాగ్ స్కాన్ ఉంటుంది. ఏది వాడారో రాయకుండా కెపాసిటెన్స్ అంకె ఒక్కటే ఇవ్వడంలో అర్థం లేదు.

ద్రావణంలో మొదటి పరీక్ష

డమ్మీ సెల్ దాటాక ఫెర్రిసయనైడ్. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 0.165 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్, 7.46 గ్రాముల పొటాషియం క్లోరైడ్. మొదటిది 5 మిల్లీమోలార్, రెండోది 1 మోలార్. బోరునీళ్లు, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు పనికిరావు. యాసిడ్ దగ్గరికి ఈ ద్రావణాన్ని రానివ్వకూడదు, హైడ్రోజన్ సయనైడ్ వాయువు వచ్చే ప్రమాదం ఉంది. వాడాక సింకులో పారబోయకుండా విడిగా ఎత్తిపెట్టాలి.

గ్లాసీ కార్బన్‌ను 0.3, ఆపైన 0.05 మైక్రాన్ల అల్యూమినాతో తడి గుడ్డ మీద ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్ది, కడిగి, సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో ప్లస్ 0.6 నుంచి మైనస్ 0.1 వోల్టుల దాకా సెకనుకు 100 మిల్లీవోల్టుల చొప్పున పోయి రావాలి. 3 మిల్లీమీటర్ల డిస్క్‌కు శిఖరపు కరెంటును లెక్కగట్టే రాండిల్స్-సెవ్‌చిక్ సూత్రం ప్రకారం గ్రాఫులో శిఖరం 83 మైక్రోఆంపియర్ల దగ్గర రావాలి. రెండు శిఖరాల మధ్య దూరం సిద్ధాంతంలో 57 మిల్లీవోల్టులు, మంచి చేతికి 65 నుంచి 80. వంద దాటితే ముందు మళ్లీ రుద్దాలి. అప్పటికీ తగ్గకపోతే ద్రావణపు రెసిస్టెన్స్‌ను అనుమానించాలి. 83 మైక్రోఆంపియర్లు 100 ఓమ్‌ల గుండా పోతే పోయేది 8 మిల్లీవోల్టులే. ఉప్పు వేయడం మరిచి అది 2 కిలోఓమ్‌లైతే 166 మిల్లీవోల్టులు గాలిలో కలిసినట్టే, శిఖరాలు ఏటో జరిగిపోతాయి. రిఫరెన్స్ కొన వర్కింగ్‌కు దగ్గరగా ఉండాలి, అలాగని అంటించకూడదు. లగ్గిన్ కేశనాళిక (రిఫరెన్స్‌ను వర్కింగ్ దగ్గరికి చేర్చే సన్న కొన గొట్టం) వాడితే దాని కొన వ్యాసానికి రెండు రెట్ల దూరం మంచి కొలత.

గ్లాసీ కార్బన్ కొనలేని చోట పెన్ పెన్సిల్‌లో వేసే 0.5 మిల్లీమీటర్ల ములుకు బాగానే పనిచేస్తుంది. 10 మిల్లీమీటర్లు మునిగితే వైశాల్యం 0.16 చదరపు సెంటీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ మునిగితే కరెంటు పది శాతం పెరుగుతుంది, కాబట్టి మునగాల్సిన గీత దాకా వదిలి పైభాగానికి నెయిల్ పాలిష్ పూయాలి. మిగతా లెక్కలు ఎంత నిక్కచ్చిగా వేసినా ఈ గీత తప్పితే అంతే సంగతులు.

తప్పులు పుట్టే చోట్లు

రిఫరెన్స్ దగ్గరే సగం గొడవలు. దాని గొట్టంలో కొన పైన చిన్న గాలి బుడగ నిలిస్తే చాలు, లోపలి ఉప్పునీటికీ బయటి ద్రావణానికీ సంబంధం తెగుతుంది. అప్పుడు యంత్రం అడిగిన వోల్టేజి కోసం కౌంటర్‌ను తన శక్తికొద్దీ నెడుతుంది. తెర మీద ఓవర్‌లోడ్ దీపం, బీకరులో బుడగలు, వర్కింగ్ మీద రోజంతా కూర్చుని పూసిన పొర ఊడి కిందికి. రిఫరెన్స్ క్లిప్పు ఊడినా ఇదే కథ. అందుకే సెల్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడే క్లిప్పులు పెట్టడం, తీయడం. గొట్టాన్ని థర్మామీటరు విదిలించినట్టు విదిలిస్తే బుడగ పైకి పోతుంది.

రిఫరెన్స్ ఆరోగ్యం చూడటానికి వాడకుండా దాచిన ఇంకొకటి ఎప్పుడూ ఉండాలి. రెండిటినీ ఒకే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి మల్టీమీటరుతో చూస్తే తేడా రెండు మూడు మిల్లీవోల్టుల్లో ఉండాలి. పది దాటితే పాతదాన్ని నమ్మడం మానాలి. పర్‌క్లోరేట్ ద్రావణాల్లో పొటాషియం క్లోరైడ్ నింపిన రిఫరెన్స్ పెడితే పొటాషియం పర్‌క్లోరేట్ కొనలోనే గడ్డకట్టి దాన్ని పూడ్చేస్తుంది. లోపల సోడియం క్లోరైడ్ నింపితే ఈ బాధ తప్పుతుంది, అయితే దాని వోల్టేజి కొద్దిగా వేరు. లోపల సంతృప్త పొటాషియం క్లోరైడ్ ఉన్న సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కన్నా 0.197 వోల్టులు పైన, సంతృప్త కెలొమెల్ 0.241 పైన ఉంటుంది. దేనితో కొలిచారో రాయని వోల్టేజి అంకెకు విలువ లేదు.

కౌంటర్‌ను చిన్నచూపు చూస్తారు. దాని వైశాల్యం వర్కింగ్ కన్నా బాగా పెద్దదిగా ఉండాలి, లేకపోతే అక్కడే అడ్డుపడి యంత్రం వోల్టేజి చాలక చేతులెత్తేస్తుంది. యాసిడ్‌లో హైడ్రోజన్ పుట్టించే కొత్త క్యాటలిస్టును పరీక్షిస్తూ ప్లాటినం తీగను కౌంటర్‌గా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ప్లాటినం కొంచెం కొంచెం కరిగి వర్కింగ్ మీద చేరుతుంది. గంటలు గడిచేకొద్దీ క్యాటలిస్టు బాగుపడుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి పనిచేసేది ప్లాటినం. గ్రాఫైట్ కడ్డీ వాడాలి.

వాతావరణానిది ఇంకో పాత్ర. ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాను ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు గానీ, మూతలేని బీకరు మీద ఫ్యాను గాలి తగిలితే ద్రావణం కదులుతుంది, సెకనుకు 10 మిల్లీవోల్టుల కింది స్కాన్లలో గ్రాఫు వణుకుతుంది, నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. మైనస్ వైపు పోయే ప్రయోగాల్లో కరిగిన ఆక్సిజన్ సొంత శిఖరం చూపిస్తుంది. 10 నుంచి 15 నిమిషాలు నైట్రోజన్ బుడగలు పంపి, స్కాన్ వేళ గొట్టాన్ని ద్రావణం పైకి లేపి ఉంచాలి. ఎండకు ఎర్త్ గుంత ఆరిపోతే మెయిన్స్ లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల ఎక్కువవుతుంది. నానోఆంపియర్లు కొలిచేవారు సెల్ మొత్తాన్ని ఒక రేకు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను యంత్రపు గ్రౌండ్‌కు కలిపితే చాలా తగ్గుతుంది. సొంత సర్క్యూట్‌లో 20 మిల్లీసెకన్ల పాటు తీసిన రీడింగులను సగటు వేస్తే మెయిన్స్ తరంగపు ప్లస్, మైనస్ రద్దయిపోతాయి. ఏడీఎస్1115ను సెకనుకు 860 రీడింగుల వేగంలో పెడితే 17 రీడింగుల సగటు దాదాపు అంతే. ఈశాన్య రుతుపవనాల తేమలో సోల్డర్ ఫ్లక్స్ మరకలు బోర్డు మీద కరెంటు లీక్ చేస్తాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి.

కరెంటును పట్టి ఉంచడం

బ్యాటరీల చార్జింగ్, పూత, సూపర్‌కెపాసిటర్ పరీక్షలకు స్థిరంగా ఉండాల్సింది వోల్టేజి కాదు, కరెంటు. గాల్వనోస్టాట్ పని అదే, సర్క్యూట్‌లో ఫీడ్‌బ్యాక్ తీసుకునే చోటు మారుతుందంతే. 10 మిల్లీఆంపియర్లు, ఆపైన పనికి ఎల్ఎం317 అనే వోల్టేజి రెగ్యులేటర్ చిప్ చాలు. ఔట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య 125 ఓమ్‌లు పెడితే 1.25 వోల్టులను భాగించి 10 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. అంతకన్నా కిందికి దాన్ని నమ్మకూడదు, దానికే కొన్ని మిల్లీఆంపియర్ల కనీస కరెంటు కావాలి. పైగా అది కరెంటును ఇవ్వగలదు గానీ తీసుకోలేదు, డిశ్చార్జ్ పరీక్షకు పనికిరాదు.

ఇచ్చిన కరెంటు నిజమా కాదా తేల్చుకోవడానికి పాత పద్ధతే ఇప్పటికీ గట్టిది. 1948కి ముందు అంతర్జాతీయ ఆంపియర్ నిర్వచనమే సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండి పేరుకునేంత కరెంటు. వెండి బదులు రాగి చాలు. 100 మిల్లీలీటర్ల నీటికి 15 గ్రాముల మైలతుత్తం, 5 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్, 5 గ్రాముల ఆల్కహాల్. యాసిడ్‌ను నీటిలోకి మెల్లగా పోయాలి, నీటిని యాసిడ్‌లోకి కాదు. రెండు రాగి రేకుల్లో ముందే తూచి ఉంచినది కాథోడ్. చదరపు సెంటీమీటరుకు 2 నుంచి 20 మిల్లీఆంపియర్ల మధ్య ఉండేలా వైశాల్యం చూసుకుని, 100 మిల్లీఆంపియర్లు గంటసేపు పంపితే 118.5 మిల్లీగ్రాముల రాగి చేరాలి. తక్కువొస్తే పొడిపొడిగా పేరుకున్న రాగి కడిగేటప్పుడు రాలిందేమో, క్లిప్పు ఏ క్షణమైనా వదులైందేమో చూడాలి. ఎక్కువొస్తే రేకు సరిగా ఆరలేదు, లేదా ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువై నల్లబడి ఆక్సైడ్ బరువు చేరింది. ముందు నీటితో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి గది గాలికి ఆరనిచ్చి, మిల్లీగ్రాములో పదో వంతు దాకా చూపే త్రాసు మీద తూచాలి.